ఆడి అమావాస్య పెళ్ళి

తంబుచెట్టి వీధిలో తాను కొట్టినన్ని అబద్ధాలు ఇంకెవరూ కొట్టి ఉండరని పుష్పవల్లి తన గురించి తానే చెప్పుకునేది. చెప్పి నవ్వేది కూడా. అందులో సిగ్గుపడాల్సింది ఏముందని ఆమె వాదం. కూలికి బట్టలు కుట్టేవాడు ఆ బట్టలు వేసుకునేవాడి నడవడి అడుగుతాడా?

మద్రాసు హైకోర్టుకు ఎదురుగా ఉండే ఆ వీధిలో నోటరీ శ్రీరామచంద్ర గారి ఆఫీసు మేడ మీద ఉంది. మేడ మెట్ల కింద ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఆయాసపడే ఒక ప్రింటరు, వాటి వెనక యాభయ్యారేళ్ళ పుష్పవల్లి. ముప్పై ఏళ్ళుగా ఆమెది అదే చోటు. మొదట్లో టైపు మిషను ఉండేది. మిషను పోయింది, మొగుడు విజయకుమార్ పోయాడు, చోటు మాత్రం పోలేదు. పేరు మార్చుకునేవాళ్ళు, మార్కుల షీటు పోయినవాళ్ళు, పుట్టిన తేదీ సరిగా లేనివాళ్ళు, అందరూ ఆమె దగ్గరికే వచ్చి ప్రమాణ పత్రాలు రాయించుకునేవాళ్ళు. మార్కుల షీటు నిజంగా పోయిందా, కోపం వచ్చి మొగుడు చించేశాడా అని ఆమె ఎన్నడూ అడగలేదు. పైన నోటరీ గారు చదవకుండా సంతకం పెట్టేవాడు. ఆయన ముద్ర ఈమె సొరుగులోనే ఉండేది.

"సంతకం పడేదాకానే కాగితానికి ఊపిరి. ఫైల్లోకి పోయిందంటే చచ్చినట్టే. చచ్చినదాన్ని ఎవుడు తవ్వుతాడు?" అనేది కొత్తగా వచ్చే టైపిస్టులతో. వాళ్ళు తలలూపేవాళ్ళు. అంత అనుభవం ఉన్న మనిషి చెబితే ఊపరా మరి.

ఆమెకు ఒక్కతే కూతురు కార్తీక. జర్మనీలో, హాంబర్గులో నర్సు. అక్కడే పుట్టి పెరిగిన నిరోషన్ అనే శ్రీలంక తమిళుడిని చేసుకుంటానంది. కరెంటు పని చేస్తాడట. పుష్పవల్లి రెండు నెలలు కూతురితో మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్లవాడు ఫోనులో కనబడి "అత్తై" అని పిలిచి, అన్నం తిన్నారా అని అడిగేసరికి కరిగిపోయింది. కోపం తెచ్చుకోవడమూ తొందరే, విడిచిపెట్టడమూ తొందరే ఆమెకు. నిలబడి ఆలోచించడం ఒక్కటే చేతకాదు.

"ఈడ తాళి కడితే అయిపోదు మా," అంది కార్తీక ఫోనులో. "ఆఫీసులో రిజిస్టరు కావల్ల. నాకు ఇంతకు ముందు పెళ్ళి కాలేదని పేపర్స్ కావల్ల. ఐప్పసి నెలలో, దీపావళప్పుడు డేట్ ఇచ్చినారు. ఆలోపల రాకపోతే మళ్ళీ మొదట్నుంచి తిరగాల."

"ఇంతేనా? పెళ్ళి కాలేదని దినానికి రెండు కొడతా ఉండానే నేను. నా కూతురికి కొట్టలేనా?"

కొట్టింది. "నా కుమార్తె కార్తీకకు నేటి వరకు ఏ ఆచారం ప్రకారం గానీ, ఏ చట్టం ప్రకారం గానీ వివాహం జరగలేదని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను." పుట్టిన సర్టిఫికెట్టు, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి నమోదు కాలేదన్న చీటీ, మొగుడి మరణ పత్రం, అన్నీ వరసగా పేర్చి పసుపు ఫైలులో పెట్టి, ఫైలు మూలకు కాస్త కుంకుమ రాసింది.

అయితే మన నోటరీ ముద్ర జర్మనీలో చెల్లదు. కాన్సులేటువాళ్ళు ఊళ్ళోని లాయరు ఒకరిని పెట్టి, ఇంటికి పంపి, చుట్టాలను అడిగించి, అంతా నిజమేనని తేలితేనే ఒప్పుకుంటారు. అందుకోసం అమ్మాయిని బాగా ఎరిగిన నలుగురి పేర్లు, చిరునామాలు రాసివ్వమని ఒక ఫారం ఉంది. పుష్పవల్లి చేసిన తప్పు ఆ ఫారంలో ఉంది.

పక్కింటివాళ్ళ పేర్లు రాసి ఊరుకుంటే సరిపోయేది. కానీ వీళ్ళు నాయుళ్ళు. నాలుగు తరాలుగా మద్రాసులో ఉన్నా, తమిళంలో కలలు కంటున్నా, ఆడపిల్ల పెళ్ళి మాట ఎత్తితే మొదటి తాంబూలం మేనమామకే. మేనమామ పేరు లేని పెళ్ళి కాగితం అంటే ముత్తయిదువు చేతికి గాజులు లేనట్టే వాళ్ళ లెక్కలో. అందుకని మొదటి గీత మీదే "గిరి, మేనమామ" అని తమ్ముడి పేరు, మనలిలో అతనుండే కంపెనీ కోర్టర్సు నంబరుతో సహా అందంగా రాసింది. తల్లి పచ్చయమ్మ కర్మకాండ అయ్యాక ఆ తమ్ముడితో సరైన మాటలు లేవు. శుక్రవారం తాంబూలం పట్టుకెళ్ళి పెళ్ళి సంగతి చెప్పి రావాలనుకుంది. లాయరు అంతకంటే ముందే వెళ్తుందని ఆమెకు తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం మాధవరం పాల కాలనీ పక్కన పుష్పవల్లి ఇంటికి ఆ లాయరు వచ్చింది. పేరు జీవిత. ముప్పై ఐదేళ్ళుంటాయి. కాఫీ వద్దంది, ఫ్యాను వేయమంది, బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"అమ్మా, ఈ రెండిటి మీదా సంతకం మీదేనా?"

మొదటిది మొన్న కొట్టింది. రెండోది పాతది, మడతల దగ్గర చిరిగి ఉంది. పుష్పవల్లి దాన్ని దగ్గరికి లాక్కుని చదివింది. "నా కుమార్తె కార్తీకను నా సోదరుడు గిరికి ఇచ్చి మా కులాచారం ప్రకారం వివాహం జరిపించితినని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను." కింద ఆమె సంతకం, శ్రీరామచంద్ర గారి ముద్ర. చచ్చిందనుకున్న కాగితం లేచి వచ్చి ఇంట్లో కూచుంది.

"మీ తమ్ముడిగారింటికి పొద్దున వెళ్ళాను," అంది జీవిత. "మీ మేనకోడలికి జర్మనీలో పెళ్ళి కదా, ఆమెకు ఇంతకుముందు పెళ్ళి అయిందా అని అడిగాను. ఆయన మొహం నల్లబడిపోయింది. పక్క కోర్టర్సాయన, ముత్తురాజ్ అట, అక్కడే నిలబడి వింటున్నాడు. 'పెళ్ళేంది? ఆమె నా భార్య' అన్నాడు మీ తమ్ముడు. రేషన్ కార్డు చూపించాడు. భార్య అని మీ అమ్మాయి పేరు ఉంది. తర్వాత ఈ కాగితం కాపీ నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు చెప్పండి. దైవసాక్షిగా మీరు చేసిన రెండు ప్రమాణాల్లో ఏది అబద్ధం?"

సంగతి ఇది. పదేళ్ళ కింద గిరి మనలిలో ఒక కెమికల్ కంపెనీలో ఫిట్టరుగా చేరాడు. కంపెనీ కోర్టర్సు పెళ్ళైనవాళ్ళకే ఇచ్చేవాళ్ళు. గిరికి పెళ్ళి కాలేదు. వాళ్ళమ్మ పచ్చయమ్మ అప్పుడు కాలవ పక్కన రేకుల ఇంట్లో, గోడలకు చెమ్మ పట్టి, ఉబ్బసంతో నిలువు గుడ్లు వేస్తూ ఉండేది. తల్లిని గట్టి ఇంట్లోకి మార్చాలి. ఏం చేసేదక్కా అని తమ్ముడు ఏడిస్తే, చేతిలో ముద్ర ఉన్న అక్క ఊరుకుంటుందా? పంతొమ్మిదేళ్ళ కూతురు నర్సింగు హాస్టల్లో ఉంది. ఎట్లాగూ మేనమామకు ఆ పిల్ల మీద హక్కు ఉందని చుట్టాలు అనుకునేదే. కాగితమే కదా అని ప్రమాణ పత్రం కొట్టి, కూతురి పేరు తన కార్డులోంచి తీసి తమ్ముడి కార్డులో వేయించింది. గిరికి ఇల్లు వచ్చింది, తల్లి ఆరేళ్ళు పొడి గోడల మధ్య బతికి పోయింది. కూతురికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంత తెలివైన మనిషి ఇంత తెలివితక్కువ పని ఎట్లా చేసింది అంటే, ఇట్లాంటి పనులు తెలివైనవాళ్ళే చేస్తారు. తెలివిలేనివాళ్ళ దగ్గర ముద్ర ఎక్కడుంటుంది?

"పాతదే అబద్ధం," అంది పుష్పవల్లి. "మేడమ్, ఆ తేదీ చూడండి. జూలై ఇరవై ఆరు, రెండు వేల పద్నాలుగు. ఆ దినం ఏందో చూడండి."

జీవిత ఫోనులో పంచాంగం తిప్పింది. ఆ తేదీ దగ్గర వేలు ఆపింది.

"ఆడి అమావాస్య," అంది చివరికి.

"ఆషాఢం, అమావాస్య. ఈ మద్రాసులో ఆ దినం కుక్క కూడా పెళ్ళి చేసుకోదు. తమ్ముడు ఆ పొద్దు సముద్రంకాడ మా నాయినకి తర్పణం వదిలినాడు. తేదీ కాడ నా చేయి ఆగింది. ఎంత కాగితమైనా కన్నకూతురి మెళ్ళో తాళి రాస్తా ఉండానే, నిజంగా అంటుకుంటే ఎట్ట అని భయపడినా. అందుకని పెళ్ళి నిలవని దినం ఏసినా."

జీవిత మొదటిసారి ఆమె వైపు మనిషిని చూసినట్టు చూసింది. "నేను నమ్ముతున్నానమ్మా. మా ఇంట్లోనూ ఆడి మాసంలో చీర కూడా కొననివ్వరు. కానీ జర్మనీలో కూర్చున్న ఆఫీసరుకు ఆడి అమావాస్య గురించి నేనేమని రాయను? మంగళవారం నా రిపోర్టు పోవాలి. పాత కాగితం అబద్ధమని మీరు ప్రమాణం చేసి ఇవ్వండి. దాంతోపాటు ఆ రేషన్ కార్డులో భార్య అన్న పేరు తీసేయించిన రసీదు తెండి. ఈ రెండూ లేకపోతే, ఆమెకు పెళ్ళైందని రాయక నాకు దారి లేదు. ఇంకోటి. అబద్ధం ప్రమాణం చేశానని ఒప్పుకుంటే, రేపు ఎవరైనా కేసు వేస్తే అదే సాక్ష్యం. ఆలోచించుకోండి."

కార్డులో పేరు తీయాలంటే కుటుంబ పెద్ద సంతకం కావాలి. ఆ కార్డుకు పెద్ద గిరి.

శుక్రవారం పొద్దున్నే తాంబూలం, అరటిపళ్ళు, ఒక పంచెల జత పట్టుకుని మనలి వెళ్ళింది. రిఫైనరీ గాలి ముక్కుపుటాలను మండిస్తుంటే కొంగు అడ్డం పెట్టుకుని కోర్టర్సు మెట్లెక్కింది. గిరి తలుపు తీశాడు. నలభై నాలుగేళ్ళు, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. తాంబూలం పళ్ళెం చూసి నవ్వాడు. మంచి నవ్వు కాదది.

"ఇప్పుడు గుర్తొచ్చినానా? నా మేనకోడలికి పెళ్ళని, నా ఇంటి గడప మీద నిలబడి ఎవుతో లాయరమ్మ చెప్పల్ల నాకు. ముత్తురాజ్ ముందర."

"రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటా ఉంటిరా. ఈలోపలనే ఆమె వచ్చేసింది."

"నువ్వు ఎప్పుడూ రేపేలే. చెప్పు, ఏం కావల్ల?"

చెప్పింది. కార్డులో పేరు తీయాలని, సంతకం కావాలని. గిరి విన్నాడు. విని, పళ్ళెంలోంచి ఒక అరటిపండు తీసి, వలిచి, తినకుండా మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు.

"కార్డు ప్రతి ఏడూ కంపెనీలో చూపిస్తా ఉండా. పెళ్ళాం పేరు పోతే ఇల్లు పోతాది. దొంగ కాగితం ఇచ్చినానని తెలిస్తే పని కూడా పోతాది. అది తెలుసు గదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ అడుగుతా ఉండావు." గొంతు పెరిగింది. "ఈడ పదేళ్ళుగా నేను పెళ్ళైనోడిని. 'పెళ్ళాం యాడ గిరీ?' అంటే 'చదువుతా ఉంది', ఆ మీదట 'ఫారిన్లో పని చేస్తా ఉంది' అని చెప్పినా. అమ్మ పోయిన మీదట ఇద్దరు సంబంధం తెచ్చినారు. ఎట్ట చేసుకునేది? పెళ్ళాం ఉన్నోడికి పిల్లనెవురిస్తారు? నీ కూతురు కాగితంలో నా పెళ్ళాం అయింది, నాకు ఇంట్లో పెళ్ళాం లేకుండా పోయింది. నువ్వు నాకు ఇల్లు ఇచ్చినావు సరే, సంసారం తీసుకున్నావు."

"అమ్మకోసరం చేసినాంరా. నువ్వే ఏడిస్తివి."

"నేను ఇల్లు అడిగినా! నువ్వు ఏం జెప్పినావు? 'కార్తీకని అడిగినా, సరే అనింది, దానికి అభ్యంతరం లేదు' అన్లేదా? అది సరే అనిందనే నేను సంతకం పెట్టినా. చదువు అయినాక నిజంగానే చేసుకుంటాదని నాలుగైదేళ్ళు కాచుకున్నా కూడా. అంతా తెలిసి నాకు మొగుడి వేషం కట్టించి, ఆడ జర్మనీలో ఎవుడితోనో పెళ్ళి పెట్టుకునిందే! నవ్వుకుంటా ఉంటాది నన్ను చూసి."

పుష్పవల్లి దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. ఆ మాట నిజమే. తమ్ముడు అడిగినప్పుడు, కూతురు ఒప్పుకుందని చెప్పింది. ఆ ఒక్క ముక్క చెబితే ఆ రోజుకు పని అయిపోతుందని చెప్పింది. స్టాంపు కాగితం మీద కొట్టని అబద్ధం కాబట్టి దాన్ని లెక్కలో కూడా వేసుకోలేదు. ఇప్పుడైనా నోరు తెరిచి, లేదురా, దానికి తెలియదురా అనవచ్చు. తెరవలేదు. తమ్ముడి కళ్ళలోకి చూసే ధైర్యం చాలక పళ్ళెం వైపు చూసింది.

"పో అక్కా," అన్నాడు గిరి. "దాని పెళ్ళి ఎట్ట జరుగుతాదో నేనూ చూస్తా." పళ్ళెం తీసి మెట్ల మీద పెట్టి తలుపేసుకున్నాడు.

శనివారం తంబుచెట్టి వీధికి వెళ్ళి, తాను అబద్ధం ప్రమాణం చేశానని ఒప్పుకునే కాగితం కొట్టుకుని, మేడెక్కింది. శ్రీరామచంద్ర గారు ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక కాగితం పూర్తిగా చదివాడు.

"నా ముద్ర ఉన్న కాగితం అబద్ధమని నా ముద్రతోనే రాయమంటావా? నీకు మతి పోయిందా, పుష్పా?"

"నా కూతురి పెళ్ళి సార్."

"నీ కూతురి పెళ్ళికి నన్ను తగలబెడతావా? నేను నీ ముఖం చూసి సంతకాలు పెట్టాను. నువ్వు రాసింది నేను చదివానా? నాకేం తెలుసు?" అక్కడే ఆయన తనకు తాను ఉరి వేసుకున్నాడు, అది ఆయనకూ అర్థమైంది. అందుకే గొంతు ఇంకా పెంచాడు. "ముద్ర ఇక్కడ పెట్టు. తాళంచెవులు పెట్టు. బల్ల ఖాళీ చెయ్యి. నువ్వెవరో నాకు తెలియదు."

ముప్పై ఏళ్ళ కొలువు అట్లా పోయింది. వాదించలేదు. ఆయన మీద కోపం రాలేదని కాదు, బాగానే వచ్చింది. చదవకుండా సంతకాలు పెట్టిన మనిషి ఇప్పుడు హరిశ్చంద్రుడిలా మాట్లాడుతుంటే చెప్పు తీయాలనిపించింది. కానీ తీస్తే ఆ చెప్పు ఎవరికి తగలాలో కూడా ఆమెకు తెలుసు. ముద్ర ఇచ్చేసి, కళ్ళజోడు పెట్టె, మందుల సంచి తీసుకుని దిగింది. వీధికి అవతల ఇంకో నోటరీ దగ్గర అందరిలాగా వరసలో నిలబడింది. అక్కడి టైపిస్టు అమ్మాయి కాగితం వైపు చూడకుండానే "ఇక్కడ సంతకం పెట్టండి మా" అంది.

"ఏముందో చదవవా?"

"ఎందుకు మా? మీది మీరు చదువుకున్నారు గదా."

పుష్పవల్లి సంతకం పెట్టింది.

ఇంటికి వచ్చి కూతురికి ఫోను చేసింది. మొదట కాస్త నీళ్ళు నమిలింది, కాగితాల్లో చిన్న చిక్కు వచ్చిందంది. కార్తీక నర్సు, అబద్ధం చెప్పే రోగులను రోజూ చూస్తుంది. గుచ్చి గుచ్చి అడిగింది. అంతా చెప్పాల్సి వచ్చింది. కాగితం, కార్డు, ఆడి అమావాస్య, అన్నీ. చివరికి గిరితో చెప్పిన ఆ ఒక్క ముక్క కూడా.

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"ఎన్నమ్మా ఇది?" అంది కార్తీక, తమిళంలోకి జారి. మళ్ళీ తెలుగులో, "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నన్ను మామకి పెళ్ళి చేసినావు. నాకు చెప్పకుండా."

"పెళ్ళి కాదే. కాగితం."

"కాగితమే గదా మా ఈడ నన్ను ఆపేసింది! ఈడ ఫారంలో 'ఇంతకు ముందు పెళ్ళి అయిందా' అని ఉంది. లేదని రాసినా. అబద్ధం రాసినానని నన్ను ఆఫీసులో పిలిచి అడిగితే ఏం చెప్పల్ల? నిరోషన్ వాళ్ళమ్మకి ఏం చెప్పల్ల? మామ పెళ్ళానని పదేళ్ళు ఆ కోర్టర్సులో అందరికీ తెలుసు, నాకు తప్ప." ఏడుస్తూ ఉంది, కానీ ఆ ఏడుపులో జాలి లేదు. "ఇన్నేళ్ళూ మామ నన్ను ఎంత తిట్టుకొని ఉంటాడు. నాకు సమ్మతమని చెప్పినావు. మామతో చెప్పినావు!"

"మీ అవ్వకోసరం..."

"అవ్వ పేరు చెప్పొద్దు. అవ్వకి నువ్వు చెప్పినావా?" లేదు. అవ్వకూ చెప్పలేదు. "మా, నువ్వు పెళ్ళికి రావద్దు. వీసా పేపర్స్ నేను పంపను. నువ్వు సంతకం పెట్టేది ఏదీ నా పెళ్ళిలో ఉండకూడదు."

అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలు ఊరికే అన్నారా. పుష్పవల్లి ఆ సాయంత్రమంతా ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఈ ముప్పై ఏళ్ళలో ఎంతమంది ఇట్లా తన కాగితాలు పట్టుకుని ఎక్కడెక్కడ కూర్చున్నారో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. ఇప్పుడొచ్చి ఏం లాభం?

ఆదివారం పొద్దున గిరి వచ్చాడు. పిలవకుండా, చెప్పులు విడవకుండా, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"రాత్రి నీ కూతురు ఫోన్ చేసింది," అన్నాడు.

పుష్పవల్లి లేచి నిలబడింది.

"మామా, నాకు ఏమీ తెల్దు, ఎవురూ నన్ను అడగలేదు అని ఏడ్చింది. కార్డులో పేరు గురించి ఒక్క మాట అడగలేదు. నన్ను క్షమించమనింది. తప్పు చేసింది నువ్వు, క్షమించమని అడిగింది అది." "ఇన్నేళ్ళు దాన్ని తిట్టుకున్నా నేను. అమ్మ కర్మకి వచ్చినప్పుడు దాని మొహం చూడలేదు. మామా అని వచ్చి పక్కన కూచుంటే లేచి పోయినా. నువ్వు ఆడే ఉంటివి. చూస్తా ఉంటివి. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పాల్సింది," అంది పుష్పవల్లి. "తప్పేరా. నాదే."

"నీ తప్పు నువ్వు ఒప్పుకుంటే నాకేం ఒరగతాది?"

చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. రేషన్ కార్డులో పేరు తొలగించే ఫారం. కింద కుటుంబ పెద్ద అన్న చోట సంతకం పెట్టి ఉంది. కార్డు కూడా దానికి గుచ్చి ఉంది.

"ఇల్లు?" అంది పుష్పవల్లి.

"ఖాళీ చేస్తా. కంపెనీలో నేనే చెప్పేస్తా. పని ఉంటే ఉంటాది, పోతే పోతాది." కాగితం ఆమె చేతికి ఇవ్వలేదు. గడప మీద పెట్టాడు. "ఈ సంతకం దానికోసరం, నీకు కాదు. మేనమామ సీరు అనుకో. పెళ్ళికి మేనమామ కానుక పెట్టల్ల గదా, పెట్టేసినా. ఇంక నాకు అక్క లేదు."

వీధి చివర మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది. అతను వెనక్కి తిరగలేదు.

సోమవారం రేషన్ ఆఫీసులో వరస పొడుగ్గా ఉంది. ఫారంలో ఒక గడి ఖాళీగా ఉందని కౌంటరులో గుమాస్తా వెనక్కి తోశాడు. పేరు తొలగించడానికి కారణం రాయాలి. మరణమా, పెళ్ళా, వేరుపడటమా? ముప్పై ఏళ్ళలో ఇట్లాంటి గడులు వేలకొద్దీ నింపింది పుష్పవల్లి. ఏది రాస్తే పని తొందరగా అవుతుందో చూసి అదే రాసేది. వేరుపడటం అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఆమె "పెళ్ళి" అని రాసింది.

గుమాస్తా చదివి కళ్ళజోడు పైకెత్తాడు. "ఏం మా, వెళాట్టా, తమాషానా? ఈడ భార్య అని ఉంది. భార్య పేరు పెళ్ళి కారణంగా తీసేయమంటారు?"

వెనక వరసలో ఎవరో నవ్వారు.

"భార్య కాదు సార్. కార్డులో తప్పు పడింది. తప్పు రాయించింది నేనే." గొంతు తగ్గించలేదు. "ఆమె ఈయనకు అక్క కూతురు. మేనమామ ఇంటి నుంచి పెళ్ళి చేసి పంపిస్తా ఉండాం."

గుమాస్తా ఆమె ముఖం చూశాడు, ఒప్పుకోలు కాగితం చూశాడు, తల గోక్కున్నాడు. లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చాడు. పుష్పవల్లి పక్కకు జరిగి, దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. అన్నీ సరిగానే ఉన్నాయి.

"యాడమ్మా పెళ్ళి?" అన్నాడు గుమాస్తా, కాస్త మెత్తబడి.

"జర్మనీలో. ఐప్పసి నెలలో."

"అబ్బో. మీరూ విమానం ఎక్కుతారా అయితే?"

"లేదు సార్," అంది పుష్పవల్లి, రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటూ. "నన్ను పిలవలేదు."